అమ్మనీ, మా వాడినీ డాల్ఫిన్ల దగ్గరికి తీసుకెళ్ళాలని ఉంది, వైజాగ్‌లో నీళ్ళలో దిగనిస్తారా?

ఎంవీపీ_సెక్టార్7:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. పోయిన మే నెలలో మా నాన్నగారు పోయారు. మా వాడికి తొమ్మిదేళ్ళు, తాత అంటే ప్రాణం. రోజూ పొద్దున్నే ఇద్దరూ బీచ్ రోడ్డుకి నడిచి వెళ్ళి, కురుసురా సబ్‌మెరైన్ ముందు కూర్చుని, ముంత కిందపప్పు తిని వచ్చేవాళ్ళు (పొద్దున్నే ఆ బండి వాడు ఎక్కడ దొరికేవాడో ఇప్పటికీ నాకు తెలీదు). నాన్న పోయాక వాడు బీచ్ వైపు రానన్నాడు. స్కూలుకి వెళ్తాడు, తింటాడు, అడిగితే ముక్తసరిగా చెప్తాడు. అమ్మ అయితే టీవీ పెట్టుకుని దానివైపు చూడకుండా కూర్చుంటుంది.

జనవరిలో నా ఫ్రెండు వాళ్ళ బంధువుల పడవలో భీమిలి నుంచి కొంచెం లోపలికి వెళ్ళాం. బలవంతంగానే తీసుకెళ్ళాను. అరగంట అయ్యాక ఐదారు డాల్ఫిన్లు పక్కనే పైకి తేలాయి, ఒకటి మా వైపు తిరిగి గట్టిగా ఊపిరి వదిలింది, ఆ చప్పుడుకి మా వాడు "నాన్నా, అటు, అటు!" అని లేచి అరిచాడు. ఎనిమిది నెలల్లో వాడి గొంతు అంత పెద్దగా వినడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి నానమ్మకి అన్నం తినేంతసేపూ అదే చెప్పాడు. ఆవిడ కూడా టీవీ కట్టేసి విన్నది.

మా అక్క వాళ్ళు ఉండేది న్యూజిలాండ్. ఈ సంగతి చెప్పగానే అక్కడ జనం సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే డాల్ఫిన్ల మధ్య ఈత కొడుతున్న వీడియోలు వరసగా పంపేసింది, దానివల్ల డిప్రెషన్ తగ్గుతుందని, పిల్లలు మామూలైపోతారని. అంత దూరం ఇప్పుడు మా వల్ల కాదు. ఇక్కడే రుషికొండలోనో భీమిలిలోనో ఎవరైనా దింపుతారా? నాకూ మా వాడికీ ఈత వచ్చు. అసలు ఈ నయమవడం అనేది నిజమేనా, లేక టూరిస్టుల కోసం చెప్పే మాటా?

రుషికొండ_లోతు:

మీ నాన్నగారి విషయం చదివి బాధేసిందండీ. మీరు అడిగినదానికి మాత్రం ఒక్క మాటే, వద్దు.

పదకొండేళ్ళుగా ఇక్కడ డైవింగ్ నేర్పుతున్నాను. పడవ మీంచి డాల్ఫిన్లని లెక్కలేనన్నిసార్లు చూశాను, నీళ్ళ లోపల చూసింది రెండే రెండుసార్లు, అది కూడా మనం తల తిప్పేలోపు వెళ్ళిపోయాయి. మన తీరం దగ్గర నీళ్ళు మసగ్గా ఉంటాయి, వీడియోల్లో కనిపించే నీలం నీళ్ళు కావు. పిల్లాడికి స్విమ్మింగ్ పూల్ ఈత వస్తే సరిపోదు, మన సముద్రం లోపలికి ఎలా గుంజుతుందో ఆర్కే బీచ్‌లో ఏటా పోతున్న ప్రాణాలే చెప్తాయి.

రెండోది చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో డాల్ఫిన్ మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. ఆ చట్టం ప్రకారం జంతువుని తరమడం, ఎర వేసి రప్పించడం కూడా వేట కిందికే వస్తాయి. ఎవడైనా డబ్బు తీసుకుని "డాల్ఫిన్ల మధ్య దింపుతాను సార్" అన్నాడంటే వాడు చెయ్యబోయేది ఆ పనే, ఇంజన్ పెంచి గుంపుకి అడ్డం వెళ్ళి మిమ్మల్ని నీళ్ళలోకి తోసెయ్యడం.

పడవ మీంచి చూడాలంటే నిక్షేపంగా చూడండి. పొద్దున్నే గాలి లేవకముందు వెళ్ళండి. కనబడగానే ఇంజన్ తగ్గించమనండి, ముందుకి అడ్డం వెళ్ళకుండా, వెనక తరమకుండా, వాటికి పక్కగా దూరంలో ఉంటే చాలు. రావాలనుకుంటే అవే వస్తాయి, మీ పడవ దగ్గరికి వచ్చినట్టు.

సెటైర్_సుబ్బు:

ఖర్చు లేని దారి చెప్తా, యారాడ వైపు వెళ్ళి డాల్ఫిన్ నోస్ కొండ మీంచి సముద్రం చూడండి, డాల్ఫిన్ ముక్కు మీదే కూర్చున్నట్టు, ఎవరూ చిక్కించుకోలేనంత పెద్ద డాల్ఫిన్ 😀 సరదాకి అన్నాను బ్రదర్, బాబు జాగ్రత్త.

గాజువాక_టు_క్రైస్ట్‌చర్చ్:

మీ అక్క పంపిన వీడియోలు కైకోరా అనే తీరపు ఊరివి అయ్యుంటాయి, మా క్రైస్ట్‌చర్చ్ నుంచి రెండున్నర గంటలు. మేము వెళ్ళాం. ఇలాంటివి నేను బయట రాయను, మీ వాడి గురించి చదివాక రాయాలనిపించింది.

మా పెద్దమ్మాయి పోయి అప్పటికి రెండేళ్ళు. నేను, మా ఆయన, చిన్నది మిగిలాం. ఇంట్లో ఎవరూ పెద్దదాని పేరు ఎత్తేవాళ్ళం కాదు, ఎత్తితే ఎవరో ఒకరు గదిలోంచి లేచి వెళ్ళిపోయేవాళ్ళు. చిన్నదానికి పన్నెండో పుట్టినరోజుకి ఏం కావాలంటే డాల్ఫిన్లు అంది. సరే అన్నాం.

అక్కడ ఒడ్డుకి దగ్గరలోనే సముద్రం కింద పెద్ద లోయ ఉంది, డస్కీ అనే చిన్న రకం డాల్ఫిన్లు రాత్రంతా ఆ లోతుల్లో మేసి, పగలు ఒడ్డు వైపు వందల కొద్దీ వస్తాయి. నీళ్ళు మామూలు చల్లగా ఉండవు తమ్ముడూ, తలకి కూడా తొడుగుండే మందపాటి రబ్బరు సూట్ వేస్తారు. మా ఆయన పెందుర్తిలో బావిలో దూకి ఈత నేర్చుకున్న మనిషి, ఆ సూట్ ఎక్కించుకోవడానికే సగం ప్రాణం పోయింది, చిన్నది పడీ పడీ నవ్వింది.

పడవలో వాళ్ళు చెప్పేది ఏంటంటే, ముట్టుకోకూడదు, వెంటపడకూడదు, తిండి పెట్టడం ఉండదు. వాటికి మన మీద సరదా పుడితే వస్తాయి, లేకపోతే లేదు. సరదా పుట్టాలంటే స్నోర్కెల్ అనే ఊపిరి గొట్టంలోంచే పాట పాడండి, గుండ్రంగా తిరగండి, మునిగి లేవండి, దుంగలా తేలుతూ ఉంటే విసుగొచ్చి పోతాయి అన్నారు. అంతమంది పెద్దవాళ్ళు నీళ్ళలో మొహాలు పెట్టి ఊఁ ఊఁ అని కూనిరాగాలు తీస్తుంటే మనకే నవ్వొస్తుంది.

చిన్నది కూనిరాగం తీస్తోంది. పెద్దది దానికి నిద్రపుచ్చేటప్పుడు పాడే లాలి, మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. రెండేళ్ళుగా మా ఇంట్లో వినబడని పాట. ఒక డాల్ఫిన్ దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది, అది తిరిగితే ఇదీ తిరుగుతోంది, ఇద్దరి కళ్ళూ ఎదురెదురుగా. మా ఆయన నీళ్ళలోంచి తల పైకి లేపేశాడు. మాస్కు తీసి పట్టుకుని ఏడుస్తున్నాడు. కైకోరా అలల్లో, చుట్టూ తెల్లవాళ్ళ మధ్య. నేను ఈదుకుంటూ వెళ్ళి పట్టుకున్నాను. పడవ వాళ్ళు హారన్ కొట్టి పిలిచేదాకా అలాగే ఉన్నాం.

ఆ రాత్రి మోటెల్‌లో చిన్నది అక్క పేరుతోనే మాట్లాడింది, ఎవరం లేచి వెళ్ళలేదు.

ఇది డాల్ఫిన్ చేసిందా అంటే నా దగ్గర జవాబు లేదు. ఆ పాట ఇంట్లో పాడి ఉంటే జరిగేదా? ఏమో. మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాం, పొగమంచు, గాలి, ట్రిప్ రద్దు చేశారు. చేపలు, బంగాళాదుంప వేపుడు తిని, సీల్ అనే సముద్ర జంతువులని చూసి వచ్చేశాం, ఆ రోజు కూడా బాగానే గడిచింది. ఒకటి మాత్రం నిజం, మొదటి ట్రిప్‌లో దారి పొడుగునా చిన్నది వాంతులు చేసుకుంది, వీడియోల్లో అది చూపించరు.

మనసు_మాట:

నేను కౌన్సెలింగ్ చేస్తాను. పైన ఆవిడ రాసింది చదివాక నా మాటలు కాస్త పొడిగా అనిపిస్తాయి, ఏమీ అనుకోకండి.

డాల్ఫిన్ల వల్ల డిప్రెషన్ తగ్గుతుందన్న మాట ఊరికే పుట్టింది కాదు. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది, హోండురాస్‌లో 30 మందితో, రెండు వారాలు. డాల్ఫిన్లతో ఈదినవాళ్ళకి, డాల్ఫిన్లు లేకుండా నీళ్ళలో గడిపినవాళ్ళకంటే మెరుగ్గా ఉంది. కానీ 30 మందే, రెండు వారాలే. లోరీ మరీనో, స్కాట్ లిలియన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో, మళ్ళీ 2007లో ఇలాంటి అధ్యయనాలని జల్లెడ పట్టి, పద్ధతుల్లోనే లోపాలున్నాయని రాశారు. కొత్త చోటు, సెలవులు, నీళ్ళు, నయమవుతుందన్న ఆశ, వీటన్నిటినీ పక్కన పెట్టి డాల్ఫిన్ వాటా ఎంత అని ఆ అధ్యయనాలు తేల్చలేకపోయాయి. ఇంకోవైపు వాటి పరిస్థితి చూడండి. హవాయిలో స్పిన్నర్ అనే రకం డాల్ఫిన్లు రాత్రి వేటాడి పగలు తీరంలో నిద్రపోతాయి, ఈతగాళ్ళ గోలకి వాటికి నిద్ర ఉండట్లేదని 2021లో అమెరికా ప్రభుత్వం వాటికి 50 గజాల లోపు ఎవరూ వెళ్ళకూడదని రూలు పెట్టింది. మన దేశంలో 2013 నుంచి డాల్ఫినేరియంలకి (డాల్ఫిన్లని కొలనుల్లో పెట్టి ఆడించే చోట్లకి) అనుమతే లేదు, కాబట్టి దుబాయ్‌లోనో ఇంకెక్కడో కొలనులో బంధించిన వాటి దగ్గరికి తీసుకెళ్ళే ప్యాకేజీల జోలికి దయచేసి పోకండి.

మీ పోస్టులో నాకు కనబడింది వేరే ఉంది. మీ వాడు అరిచాడు, ఇంటికొచ్చి నానమ్మకి చెప్పాడు, ఆవిడ టీవీ కట్టేసింది. దాన్ని పట్టుకోండి. వాడితో డాల్ఫిన్ల గురించే మాట్లాడించండి, తాత మాట వాడు ఎత్తినప్పుడు మీరు మాట మార్చకండి. ఎనిమిది నెలలు ముడుచుకుని ఉన్నాడు కాబట్టి పిల్లల నిపుణులకి ఒకసారి చూపించడం మంచిదే. 14416 టెలీ మానస్‌కి (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. అమ్మగారికి కూడా.

జాలరిపేట_కుర్రోడు:

మాది పెదజాలరిపేటండి. మా తాత తెప్ప మీద వేటకెళ్ళే రోజుల నుంచి వీటిని చూస్తున్నాం. కవళ్ళ (చిన్న చేపల) గుంపు ఎక్కడుంటే ఇవి అక్కడ. మా తాత వలలో ఒకసారి పిల్ల డాల్ఫిన్ చిక్కితే వల కోసేసి వదిలాడంట, ఆ రోజు ఇంట్లో నాయనమ్మ చేత తిట్లు, వల ఖరీదు అలాంటిది మరి. దాని తల్లి పడవ చుట్టూ తిరుగుతూనే ఉందంట. ఆ కథ నాకు వందసార్లు చెప్పాడు.

నీటిలో దిగడం మాత్రం ఆ అన్న చెప్పినట్టే, వద్దు. అవి చూడ్డానికి నవ్వుతున్నట్టు ఉంటాయి గానీ పెద్ద జంతువులు, తోకతో ఒక్కటి కొడితే పక్కటెముకలు ఉండవు. చూడాలంటే ఇప్పుడే వెళ్ళండి, సముద్రం మంచిగుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు ఇంజన్ బోట్లన్నీ ఒడ్డునే. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కించుకుంటానన్నవాడి పడవ ఎక్కకండి, మావాళ్ళైనా సరే.

ఎంవీపీ_సెక్టార్7:

అందరికీ థాంక్స్. క్రైస్ట్‌చర్చ్ అక్కా, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను, ఏమీ అనుకోకండి. విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నీళ్ళలో దిగమంటే చంపేస్తాను గానీ పడవైతే వస్తానురా, మీ నాన్న ఎన్నిసార్లు రమ్మన్నా వెళ్ళలేదు నేను" అంది. నాన్న ఆవిడని పడవకి పిలిచేవాడని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

మా వాడికి ఆ హవాయి డాల్ఫిన్లు పగలు నిద్రపోతాయని చెప్తే, మునిగిపోవా మరి అని పట్టుకున్నాడు. వెతికి చూస్తే మెదడులో సగం నిద్రపోతుంటే ఇంకో సగం మేలుకుని ఉంటుందట. అప్పటి నుంచి హోంవర్క్ దగ్గర "నాకు సగం బుర్ర నిద్రపోయింది" అంటున్నాడు.

వచ్చే ఆదివారం పొద్దున్న అనుకుంటున్నాం. నీళ్ళలో దిగడం లేదు, ఖాయం. ఒకటే డౌట్, అమ్మకి బస్సు పడదు, అరకు ఘాట్ రోడ్డులో ఆవిడ పరిస్థితి చూసినవాళ్ళం. బీపీ మాత్రలు వాడుతుంది. పడవకి ఏం చెయ్యాలి?

రుషికొండ_లోతు:

బీపీ మందులతో కలిపి వాంతుల మాత్ర ఏది వేసుకోవచ్చో వాళ్ళ డాక్టర్నే అడగండి, మేము చెప్పకూడదు. వేసుకునేది ఏదైనా ఎక్కడానికి ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక లాభం లేదు. ఖాళీ కడుపుతో తేకండి, రెండు ఇడ్లీలు పెట్టండి, నూనెవి వద్దు. పడవలో మధ్యలో కూర్చోబెట్టి, ఫోన్ చూడకుండా దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీత వైపు చూడమనండి. అల్లం ముక్క ఒకటి కొంగుకి కట్టుకోమనండి, మా అమ్మ అదే చేస్తుంది.