మైళ్లు తక్కువున్న పాత బాక్స్‌స్టరా, బిల్లులు ఎక్కువున్నదా?

ఫ్రిస్కో కుర్రోడు
అన్నలూ, ఒక సలహా కావాలి. పాత పోర్షే బాక్స్‌స్టర్ (టాప్ తీసే రెండు సీట్ల కారు), 986 మోడల్, కొందామని ఆరు నెలలుగా వెతుకుతున్నా. ఆఫీసుకి క్యామ్రీ ఉంది, ఇది ఆదివారాలకి మాత్రమే. చివరికి రెండు మిగిలాయి.

మొదటిది 2001, 2.7 లీటర్ ఇంజిన్, 41 వేల మైళ్లు, 11,500 డాలర్లు. అద్దంలా మెరుస్తోంది. సర్వీసు కాగితాలు మాత్రం లేవు, ఎప్పుడూ గరాజ్‌లోనే ఉండేదంటున్నాడు.

రెండోది 2002 బాక్స్‌స్టర్ ఎస్, అంటే పెద్ద ఇంజిన్ రకం, 3.2 లీటర్, లక్షా నాలుగు వేల మైళ్లు, 10,000 డాలర్లు. బంపర్ నిండా రాళ్ల దెబ్బలు, డ్రైవర్ సీటు అంచు చిరిగింది. కానీ అట్టపెట్టెడు బిల్లులు చూపించాడు. 2019లో క్లచ్‌తో పాటు ఐఎంఎస్ బేరింగ్ కూడా మార్పించాడట.

మా ఆవిడ మొదటిదే అంటోంది. లక్ష దాటిన కారంటే నాకూ టెన్షనే. ఏమంటారు?

గ్రీజు చేతులు
రెండోది తీసుకో తమ్ముడూ. 2016 నుంచి 2003 బేస్ మోడల్ నడుపుతున్నా, ఆ అనుభవంతో చెప్తున్నా. మైళ్లు తక్కువున్నాయంటే కారు బాగుందని కాదు, కదల్లేదని. పాతికేళ్లు నిలబడ్డ కారులో రబ్బరు ఎండిపోతుంది, సీళ్లు బిరుసెక్కుతాయి, ప్లాస్టిక్ ముట్టుకుంటే విరుగుతుంది. ఇవేవీ ఓడోమీటర్లో కనపడవు.

ఐఎంఎస్ అంటే తెలియనివాళ్ల కోసం: క్రాంక్‌షాఫ్ట్ తిరిగితే క్యామ్‌షాఫ్టులు తిరగడానికి మధ్యలో ఇంకో షాఫ్ట్ ఉంటుంది. దాని ఒక చివర బేరింగ్‌లో గ్రీజు పెట్టి సీలు వేశారు. ఏళ్లు గడిచేకొద్దీ ఇంజిన్ ఆయిల్ ఆ సీలు దాటి లోపలికి దూరి గ్రీజుని కడిగేస్తుంది. బేరింగ్ చితికితే టైమింగ్ తప్పి వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి. ఇంజిన్ తుక్కు కిందకే. మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, అందుకే అందరూ క్లచ్‌తో కలిపి చేయించుకుంటారు. నాకు రెండిటికీ 3,400 డాలర్లు వదిలింది. నీ రెండో కారులో ఆ పని అయిపోయింది. మొదటిదానికి ఆ ఖర్చు కూడా కలిపి చూసుకో.

చూడ్డానికి వెళ్లేముందు "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పు. వెళ్లగానే ఎగ్జాస్ట్ పైపు ముట్టుకో. వెచ్చగా తగిలితే ఇంకో రోజు వస్తానని వచ్చెయ్. ఇంజిన్‌లో సిలిండర్లు పడుకుని ఉంటాయి కాబట్టి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే కాస్త పొగ రావడం మామూలే. వీధంతా తెల్లగా కమ్మేస్తే మాత్రం ఆయిల్ సెపరేటర్, అంటే ఇంజిన్ ఆవిరిలోంచి ఆయిల్‌ని వేరుచేసే భాగం, పోయిందన్నమాట. వెనక డిక్కీలో కార్పెట్ ఎత్తి తడిమి చూడు, కూలెంట్ ట్యాంక్ అక్కడే ఉంటుంది. పగిలితే కింద తడి, తియ్యటి వాసన. ఆ తర్వాత డ్రైవర్ సీటు కింద చెయ్యి పెట్టు. గుడ్డ టాప్ మీద పడ్డ వాననీళ్లు పోయే దారులు ఆకులతో మూసుకుపోతే నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. తాళంచెవిని గుర్తుపట్టే కంప్యూటర్ పెట్టె ఉండేదీ అక్కడే. అది తడిస్తే కారు నిన్ను దొంగ కిందే లెక్కేస్తుంది.

ఇంజిన్ చూద్దామని మాత్రం బానెట్ ఎత్తకు. ముందో డిక్కీ, వెనకో డిక్కీ, ఇంజిన్ మధ్యలో ఎక్కడో. నేను కొనేటప్పుడు మా బావమరిది రెండూ తెరిచి చూసి, "ఇంజిన్ విడిగా అమ్ముతున్నాడా బావా?" అన్నాడు.

ప్లేనో బాబాయ్
ఈ ఐఎంఎస్ భయం నెట్‌లో ఉన్నంత రోడ్డు మీద లేదు. అమెరికాలో పోర్షే మీద వేసి, 2013లో రాజీకొచ్చిన కేసులో వినిపించిన లెక్క చూడండి. బంతులు రెండు వరుసలున్న ఐఎంఎస్ బేరింగ్ పోయినవి సుమారు 1 శాతం, ఒకే వరుసవి 8 శాతం. అంటే నూటికి 92 బండ్లకి ఏమీ కాలేదు. పైగా 2001లో రెండు రకాలూ వచ్చాయి, ఏదుందో విప్పితే గానీ తెలియదు. ఆ 8 శాతానికి జడిసి, లక్ష మైళ్లు తిరిగిన షాకులు, వాటర్ పంపు, విండో రెగ్యులేటర్లు ఎందుకు నెత్తికెత్తుకోవాలి? రేపు అమ్మేటప్పుడు 41 వేలన్న అంకెకే గిరాకీ.

ఇంకోమాట. 2019లో ఏ రకం ఐఎంఎస్ బేరింగ్ కిట్ వేశారు? మార్చిన బాల్ బేరింగులకీ గడువుంటుంది. ఆరేడేళ్లంటే దగ్గర పడ్డట్టే.

గ్రీజు చేతులు
కిట్ మాట కరెక్టే బాబాయ్ గారూ, నేను మర్చిపోయాను. బిల్లు మీద చూడాల్సిందే. బంతులు లేకుండా ఆయిల్ ప్రెషర్ మీద తిరిగే రకం వేసుంటే గడువు గొడవ లేదు. కానీ నూటికి 8 తక్కువా? మన కాంప్లెక్స్ పార్కింగ్‌లో పన్నెండు కార్లకి ఒకటి!

నెమ్మది నాగయ్య
అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అదే డబ్బుకి మజ్దా మియాటా వస్తుంది. పార్టులు చవక, ఏ మెకానిక్ అయినా చేస్తాడు.

హ్యూస్టన్ సుబ్బలక్ష్మి
నాగయ్య గారూ, తను అడిగింది మియాటా గురించి కాదు కదండీ.

తమ్ముడూ, రెండు కార్ల టైటిల్ (ఓనర్‌షిప్ కాగితం) చరిత్రా తీయించు. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకి మా ఊళ్లో మునిగిన కార్లు ఎక్కడెక్కడికి వెళ్లాయో చెప్పలేం. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడు, ఎంత కడిగినా ఆ లోపలి భాగంలో బురద మరక ఉండిపోతుంది. ఇంకోటి, టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. ఏడాదికోసారైనా ఎవరో ఒకరు బ్రేకులు చూసుంటారన్న భరోసా ఇప్పుడు లేదు.

పాతిక డాలర్ల ఓబీడీ రీడర్, అంటే కారు కంప్యూటర్లో ఎర్రర్లు చదివే పరికరం, కొనుక్కుని వెళ్లు. ఎర్రర్ కోడ్‌లు లేవని సంతోషపడకు, రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనని తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేవి, చూడు. "నాట్ రెడీ" అని వరసగా కనిపిస్తే ఎవరో ఈమధ్యే కోడ్‌లు తుడిచేశారని అనుమానించాలి.

ఫ్రిస్కో కుర్రోడు
శనివారం రెండూ చూసొచ్చా. మొదటిది చల్లగానే ఉంది, పొగ లేదు, చప్పుడు కూడా బాగుంది. కానీ టైర్ల మీద తేదీ కోడ్ 2312. అంటే 2012లో 23వ వారం! మానిటర్లు నాలుగు "నాట్ రెడీ". అడిగితే కొత్త బ్యాటరీ వేశానన్నాడు.

రెండోదాని డిక్కీలో కార్పెట్ కింద తడి తగిలింది. ట్యాంక్ అంచున గులాబీ రంగు మరక కూడా ఉంది. బిల్లులో కిట్ రకం రాయలేదు, షాపు పేరు ఉంది.

ప్లేనో బాబాయ్
బ్యాటరీ తీసినా మానిటర్లు అలాగే చూపిస్తాయి. దొంగ అనెయ్యొద్దు. ఎనభై మైళ్లు తిప్పి మళ్లీ చూపించమను.

గ్రీజు చేతులు
సోమవారం పొద్దున్నే ఆ షాపుకి ఫోన్ చెయ్, ఇన్వాయిస్ నంబర్ చెప్తే రికార్డు తీస్తారు. ట్యాంక్ గురించి గాభరా పడకు, ఈ కార్లన్నిటికీ ఎప్పుడో ఒకప్పుడు పగిలేదే. దాని పేరు చెప్పి ధర తగ్గించమను. డబ్బు ఇచ్చేలోపు పోర్షేలు చేసే ఇండిపెండెంట్ మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించి, ఆయిల్ ఫిల్టర్ విప్పించి మడతల్లో చూడమను. గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలైతే ఇంజిన్ లోపలి టైమింగ్ చైన్ రాసుకునే ప్యాడ్లవి. అయస్కాంతానికి అంటుకునే లోహపు రజను మెరుస్తూ కనిపిస్తే అక్కణ్ణుంచే ఇంటికెళ్లిపో.

ఫ్రిస్కో కుర్రోడు
ఫిల్టర్ విప్పడానికి ఎస్ ఓనర్ ఒప్పుకున్నాడు, బుధవారం నాలుగింటికి స్లాట్. మొదటి కారు ఓనర్ని అడిగితే "వేరేవాళ్లు కూడా చూస్తున్నారు" అని మెసేజ్ పెట్టాడు. మా ఆవిడ ఇంకా ఆ మొదటి కారు మెరుపునే తలుచుకుంటోంది. ఫిల్టర్ ఫోటోలు బుధవారం రాత్రి పెడతా.