జాన్ కేల్ వయొలాలో మోగేది మన తంబూరాయేనా?

ఎంవీపీ_రాగం

మొన్న ఆదివారం లాసన్స్ బే కాలనీలో మా మేనల్లుడి ఇంటికి వెళ్తే, వాడు వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే అమెరికా బృందం మొదటి రికార్డు వినిపించాడు. 1967 నాటిది. రాక్ నాకు పరిచయం లేదు, మూడు పాటలు మర్యాదకి విన్నాను. నాలుగోది మొదలవగానే చేతిలో కాఫీ పక్కన పెట్టేశాను. పాడేవాడు పాడుకుంటూ పోతున్నాడు, వెనకాల ఒకే స్వరం తెగకుండా గరగరలాడుతూ పట్టుకుని ఉంది. కళ్లు మూసుకుంటే తంబూరాయే. వాయించింది ఆ బృందంలోని జాన్ కేల్, వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయొలా మీద.

ఆ రాత్రే దొరికినదంతా చదివాను. ఈయన వెల్వెట్‌కి ముందు న్యూయార్క్‌లో లా మోంటె యంగ్ అనే స్వరకర్త బృందంలో గంటల తరబడి ఒకే శ్రుతి పట్టుకుని వాయించేవాడు. ఆ యంగ్ ఎవరు? కిరానా ఘరానా అనే హిందుస్తానీ గాన సంప్రదాయానికి చెందిన పండిత్ ప్రాణ్‌నాథ్ గారి శిష్యుడు. ప్రాణ్‌నాథ్ నుంచి యంగ్‌కి, యంగ్ నుంచి కేల్‌కి. పరంపర అద్దంలో చూసినట్టు కనిపిస్తోంది. మరి కేల్ గురించి రాసేవాళ్లు ఫ్రాన్స్ స్వరకర్త ఎరిక్ సాటీ అంటారు, అమెరికా స్వరకర్త జాన్ కేజ్ అంటారు, మన సంగీతాన్ని చివర ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇది అన్యాయం. మీరేమంటారు?

గాజువాక_ఫీడ్‌బ్యాక్

రాగం గారూ, పరంపర మధ్యలో తెగిందండి. యంగ్ ప్రాణ్‌నాథ్ గారి దగ్గర శిష్యుడిగా చేరింది 1970లో. కేల్ యంగ్ బృందంలో ఉన్నది 1963 చివరి నుంచి 1965 దాకా. 1968కల్లా వెల్వెట్ నుంచి కూడా బయటికొచ్చేశాడు. 1970లో మొదలైన పాఠం 1967 రికార్డులోకి ఎలా వస్తుంది?

నేను ట్రాన్స్‌ఫార్మర్ల మరమ్మతు పనిలో ఉన్నాను, తీరిక దొరికితే గిటార్ వాయిస్తాను. యంగ్ బృందంలో కేల్, వయొలిన్ వాయించే టోనీ కాన్రాడ్ శ్రుతి దేనికి కలుపుకునేవారో తెలుసా? కరెంటుకి. అమెరికాలో కరెంటు సెకనుకి 60 సార్లు ఊగుతుంది. ఆ 60 హెర్ట్జ్ మోతే వాళ్ల ఆధారశ్రుతి. ఫ్రిజ్‌లోంచీ, యాంప్లిఫయర్‌లోంచీ వచ్చే ఆ మోతే పాశ్చాత్య నాగరికతకి శ్రుతి అని కేల్ భావన. వయొలా తీగలు ఆనే బ్రిడ్జి వంపుని చదును చేసుకున్నాడు, ఒక్క కమాను లాగుడుకి మూడు తీగలు మోగేలా. మామూలు తీగలు తీసేసి గిటారువీ మాండలిన్‌వీ ఎక్కించాడు. మీరు విన్న గరగర అదీ.

ఇంకో సంగతి. వెల్వెట్ గాయకుడు లూ రీడ్ 1964లోనే, కేల్‌తో పరిచయం కాకముందే, ఒక పాటకి గిటార్ తీగలన్నీ ఒకే స్వరానికి కలిపేశాడు. అది చూసి కేల్ ఆశ్చర్యపోయాడు, యంగ్ దగ్గర తాము చేస్తున్నదీ అదే కాబట్టి. లూ రీడ్‌కి తంబూరా ఎవరు నేర్పారండి?

ఊరికే_చదువరి

1970 అన్నాక ఇక మాటేముంది. ఈ చర్చకి తాళం వేసేయొచ్చు.

ఎంవీపీ_రాగం

తాళం అప్పుడే వేయకండి. ప్రాణ్‌నాథ్ గారి తేదీ నేను సరిగా చూసుకోలేదు, ఒప్పుకుంటున్నాను. తేదీ తప్పితే విషయం తప్పినట్టేనా?

1955లో అలీ అక్బర్ ఖాన్ గారి సరోద్ ఎల్‌పీ అమెరికాలో విడుదలైంది, వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ పరిచయ వాక్యాలతో. యంగ్ విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ రికార్డు కొనుక్కున్నాడు. తంబూరా మొదటిసారి విన్నది దానిలోనే అని ఆయనే చెప్పుకున్నాడు. 1958లో మూడు తీగవాద్యాలకి ఆయన రాసిన కృతిలో స్వరాలు నిమిషాల తరబడి అలా నిలిచే ఉంటాయి. ఆ తర్వాతే కేల్ ఆయన దగ్గర చేరాడు. 1955, 1958, 1963. ఈ వరసలో ఎక్కడ తెగిందో చూపించండి.

కంచరపాలెం_బుల్లోడు

ఏటండి ఈ గొడవ. ఒకే మోత అంటే కచేరీ తంబూరాయేనా? మా అమ్మమ్మోల్లది గజపతినగరం కాడ పల్లె. ఎల్లమ్మ కత చెప్పేవోల్లు జముకు తెచ్చేవోరు. చిన్న కుంచంలాటి దానికి అడుగున తోలు, తోలు మద్దిలోంచి ఒక నరం. నరం బిగిత్తే గొంతు పైకెల్తాది, వదిల్తే దిగుతాది. తెల్లారేదాకా జుమ్ము జుమ్ము మంటానే ఉండేది. దానికి ఏ ఘరానా లేదు. రాగం గారి లెక్కలో అది ఎక్కడుందో సెప్పండి ముందు.

గాజువాక_ఫీడ్‌బ్యాక్

> ఈ వరసలో ఎక్కడ తెగిందో చూపించండి

యంగ్ ఆ రికార్డు విన్నాడు, కాదనను. అదే యంగ్ తన చిన్నతనం గురించి కూడా చెప్పాడు. ఐడహోలో దుంగల ఇంట్లో పుట్టాడు, ఆ దుంగల సందుల్లో ఈలవేసే గాలి విన్నాడు, కరెంటు స్తంభాల దగ్గర నిలబడి ట్రాన్స్‌ఫార్మర్ల మోత విన్నాడు. ఎల్‌పీ కంటే చాలా ముందు. దాన్ని ఎందుకు వదిలేస్తారు?

కేల్ సంగతికొస్తే ఆయన ఒక్క యంగ్ దగ్గరే తయారవలేదు. 1963 సెప్టెంబరులో న్యూయార్క్‌లో కేజ్ ఆధ్వర్యాన సాటీ చిన్న స్వరరచన ఒకదాన్ని 840 సార్లు, 18 గంటలకి పైగా వాయించారు. వంతులవారీగా కూర్చున్న పియానోవాళ్లలో కేల్ ఒకడు. అప్పటికి 21 ఏళ్లు. తర్వాత బీచ్ బాయ్స్ అనే పాప్ బృందంలోని బ్రయన్ విల్సన్ మీద అభిమానంతో పాటే రాశాడు. వెల్ష్ కవి డిలన్ థామస్ పద్యాలకి ఆర్కెస్ట్రా కట్టి 1989లో రికార్డు తెచ్చాడు. ఇన్ని నదులు కలిసిన మనిషిని ఒక్క తంబూరాకి కట్టేస్తారా?

హుద్‌హుద్ వచ్చినప్పుడు, 2014 అక్టోబరులో, మా కాలనీలో రోజుల తరబడి కరెంటు లేదు. రాత్రిళ్లు ఎంత నిశ్శబ్దమంటే స్టీల్‌ప్లాంట్ వైపు నుంచి గాలి మాత్రమే. లైను వేసి మా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కి చార్జింగ్ ఇచ్చింది నేనే. మ్మ్మ్ అని పలికింది. స్తంభం కింద నిలబడ్డవాళ్లంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్రాన్స్‌ఫార్మర్ పలికేది దానికి రెట్టింపు, 100. ట్యూనర్ పెట్టి చూశాను. మన పాటగాళ్ల ఐదు శ్రుతికి, అంటే హార్మోనియం G మెట్టుకి, ఒక పిసరు పైన. వాళ్ల 60 అయితే ఆరున్నరకీ (A#) ఏడుకీ (B) సరిగ్గా మధ్యన పడుతుంది. ఏ పియానో మెట్టు మీదా లేని శ్రుతి. కేల్ పట్టుకుంది దాన్ని.

ఎంవీపీ_రాగం

ట్రాన్స్‌ఫార్మర్‌నీ తంబూరానీ ఒకే గాటన కట్టడం చూశాక నాకు బాధేసింది. యంత్రం మోత మోతే. తంబూరాలో బ్రిడ్జికీ తీగకీ మధ్య నూలుపోగు పెట్టి, దాన్ని వెంట్రుకవాసి జరుపుతూ తీగ ఝుమ్మని మోగే ‘జీవ’ తెప్పిస్తారు. పంచమం తీగ, షడ్జానికి కలిపే రెండు సారణులు, మంద్రం తీగ. నాలుగు తీగలు సరిగ్గా కలిస్తే ఎవరూ మీటని గాంధారం వాటంతట అదే వినపడుతుంది. ఆ గాంధారం వినడానికి నాకు మూడేళ్లు పట్టింది.

మీకు శ్రుతి చెప్పినవారెవరు? తెలుసుకుందామనే అడుగుతున్నాను.

గాజువాక_ఫీడ్‌బ్యాక్

అడిగారు కాబట్టి చెప్తాను. ఎవరూ చెప్పలేదు.

14 ఏళ్లప్పుడు మా అమ్మ నన్ను ఒక మాస్టారింటికి తీసుకెళ్లింది. అమ్మ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనిచేసేది, సెలవు పెట్టుకుని వచ్చింది. ఆయన గుమ్మంలోనే నిలబెట్టి "ఇంట్లో ఎవరైనా పాడతారా" అని అడిగారు. లేదన్నాం. "అయితే చెవి ఉండదు, కష్టం" అన్నారు. తిరిగి బస్సులో గాజువాక వచ్చేదాకా అమ్మ మాట్లాడలేదు. మా ఇంటి మీదుగా వెళ్లే తీగల్లో ఏ స్వరముందో నాకు నేనే పట్టుకున్నాను. మీరిప్పుడు అడిగిందీ ఆయన అడిగిందీ ఒకే ప్రశ్న.

కేల్ బొగ్గుగని కార్మికుడి కొడుకు. సౌత్ వేల్స్‌లో గార్నంట్ అనే ఊరు. ఇంట్లో అమ్మమ్మ ఇంగ్లీషు మాట్లాడనిచ్చేది కాదు, తండ్రికి వెల్ష్ రాదు. ఏడేళ్లకి బళ్లో ఇంగ్లీషు నేర్చుకునేదాకా తండ్రీకొడుకులకి మాటల్లేవు. ఆయన సంగీతం గురించి రాసేటప్పుడు ఈ ఇంటిని వదిలేసి గురువుల పట్టిక రాయడం నాకు నచ్చదు.

ఊరికే_చదువరి

ఇద్దరూ కాస్త తగ్గండి. కేల్ గురించే మాట్లాడుకుందాం.

వెనక_శ్రుతి

రెండ్రోజులుగా చదువుతున్నాను. ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఈ ఊళ్లో 22 ఏళ్లు కచేరీలకి తంబూరా వేశాను, అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

రాగం గారూ, ఆ 1955 రికార్డు గురించి రాశారు. అలీ అక్బర్ గారి పేరు వచ్చింది, మెనుహిన్ గారి పేరు వచ్చింది. తబలా చతుర్‌లాల్ గారిది. యంగ్ చెవిన పడ్డ ఆ తంబూరా వేసిందెవరు? శిరీష్ గోర్. మీ వాదమంతా ఆ తంబూరా మీదే నిలబడింది. మీరు గానీ, గాజువాక తమ్ముడు గానీ ఆ పేరు రాయలేదు.

ఒకసారి ఒక హాల్లో కచేరీ. ఆలాపన మధ్యలో నా తంబూరాకి సారణి తెగింది. గాయకుడు కళ్లు తెరవకముందే తీగ మార్చి, చెవి కుండకి ఆనించి, అదే శ్రుతికి తెచ్చాను. వేళ్లకి రక్తం వచ్చింది. చివర్లో శాలువాలు మూడు తెచ్చారు. గాయకుడికి, వయొలిన్‌కి, మృదంగానికి. ఫొటో తీసేటప్పుడు కొంచెం పక్కకి జరగమ్మా, తంబూరా అడ్డమొస్తోంది అన్నారు. ఆ మరుసటేడు వాళ్లు శ్రుతిపెట్టె కొనుక్కున్నారు, నన్ను పిలవలేదు.

కేల్‌ది కూడా ఇదే తగవు. ఆ బృందం వాయించిన టేపులు యంగ్ దగ్గరే ఉండిపోయాయి. కృతులు తనవే అన్నాడు. అందరం కలిసి చేశామని కాన్రాడ్, కేల్ అన్నారు. 1990లో బఫెలో ఊళ్లో యంగ్ కచేరీ జరుగుతుంటే కాన్రాడ్ నిరసన అట్ట పట్టుకుని బయట నిలబడ్డాడు. 1965 ఏప్రిల్ 25న వాయించిన టేపు ఒకటి 2000లో యంగ్ ఇష్టం లేకుండానే బయటికొచ్చింది. ఎవరి ప్రభావం ఎవరి మీద అని రాసేముందు, ఆ స్వరాన్ని గంటలు గంటలు పట్టుకుని కూర్చున్నదెవరో రాయండి.

ఎంవీపీ_రాగం

అమ్మా, శిరీష్ గోర్ పేరు నాకు తెలియదు. తెలిసి వదిలింది కాదు.

యంగ్ విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. ఆలోచన ఇచ్చినవారిదే కృతి. మృదంగం ఎంత గొప్పగా వాయించినా కీర్తన త్యాగరాజస్వామిదే కదా. ఏ స్వరం నిలపాలి, ఏ స్వరం నిలపకూడదు అని నియమం పెట్టింది యంగ్.

గాజువాక_ఫీడ్‌బ్యాక్

కీర్తనకి సాహిత్యముంది, రాగముంది, ముద్ర ఉంది. వాళ్ల దగ్గర ఉన్నది పట్టుకున్న స్వరం ఒక్కటే. అందరూ పట్టుకుంటేనే అది ఉంది, ఒకరు వదిలితే లేదు. అలాంటప్పుడు ఒక్కరిది ఎలా అవుతుంది?

రాగం గారూ, నాకిప్పుడు అర్థమైంది. మీరు పైనుంచి కిందికి వచ్చిందాన్నే ప్రభావం అంటున్నారు. నేను పక్కనుంచి వచ్చిందాన్నీ, గోడలోంచి వచ్చిందాన్నీ కూడా అంటున్నాను. తంబూరా కాదు మన గొడవ.

ఎంవీపీ_రాగం

కావచ్చు. కానీ పైనుంచి వచ్చింది లేదనకండి. బాలుస్వామి దీక్షితార్ మద్రాసులో తెల్లవాళ్ల ఫిడేలు నేర్చుకోకపోతే, మన విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతికి వయొలిన్ వచ్చేదా? ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పుకోవడం మర్యాద. నేను కోరింది అంతే.

కంచరపాలెం_బుల్లోడు

ద్వారం వారు పక్కవాద్యాన్ని మద్దిలో కూకోబెట్టినోరు కదండీ. అది కూడా రాయాల మరి. జముకు సంగతి ఇంకా ఎవులూ సెప్పలేదు.

ఎంవీపీ_రాగం

బుల్లోడు గారూ, జముకు నేను వినలేదు. విననిదాన్ని లెక్కలో ఎక్కడ పెట్టాలో చెప్పలేను. ఎక్కడ వినొచ్చో చెబితే వస్తాను.

గాజువాక గారూ, మీకు గురువెవరని అడగడం తప్పే. మీ అమ్మగారి సంగతి చదివాక రాత్రి నిద్రపట్టలేదు.

అమ్మా, పొద్దున్న మా గురువుగారి క్యాసెట్ బయటికి తీశాను. అట్ట మీద ఆయన పేరు, వయొలిన్, మృదంగం, ఘటం. తంబూరా ఎవరో లేదు. ఎన్నో ఏళ్లుగా దాని మీదే సాధన చేస్తున్నాను.

వెనక_శ్రుతి

దాన్ని రెండో వైపు చివరిదాకా తిప్పండి. మంగళం అయిపోయి, చప్పట్లు మొదలయ్యేలోపు నాలుగైదు క్షణాలు తంబూరా ఒక్కటే ఉంటుంది. పంచమం మీటాక రెండు సారణులకీ మధ్య ఎంత ఆగుతున్నారో చూడండి. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కోలా ఆగుతుంది. విని ఇక్కడ రాయండి, ఎవరో నేను చెప్పగలనేమో చూస్తాను.