బల్క్ ఎస్ఎంఎస్ వ్యాపారంలో ఉన్న చిన్న సంస్థలు ఇప్పుడు ఏ దారి పట్టాలి?

ప్రశ్న: కృష్ణలంక

అందరికీ నమస్కారం. విజయవాడలో పన్నెండేళ్లుగా బల్క్ ఎస్ఎంఎస్ రీసెల్లర్‌గా ఉన్నాను. పాఠశాలలు, నర్సింగ్ హోములు, రెండు చిట్‌ఫండ్ సంస్థలు, కొన్ని పరపతి సంఘాలు మా ఖాతాదారులు. పెద్ద అగ్రిగేటర్ (ఆపరేటర్లతో నేరుగా ఒప్పందం ఉన్న సంస్థ) దగ్గర సందేశాల క్రెడిట్లు టోకున కొని, మా ప్యానెల్ ద్వారా చిల్లరగా అమ్మి, మధ్యలో మిగిలే పైసల మీద బతికిన వ్యాపారం మాది. ఎవరు పైసా తక్కువకు ఇస్తే ఖాతాదారు వాళ్ల దగ్గరికి వెళ్లేవాడు.

2021 మార్చి 8న టెలికం ఆపరేటర్లు స్క్రబ్బింగ్ (ప్రతి సందేశాన్నీ ఆపి సరిచూడటం) మొదలుపెట్టడంతో, డీఎల్‌టీలో (సంస్థల పేర్లు, సందేశాల నమూనాలు నమోదు చేసే ఆపరేటర్ల వేదికలో) నమోదైన టెంప్లేట్‌తో, అంటే నమూనాతో, అక్షరం అక్షరం సరిపోలని సందేశాలన్నీ ఆగిపోయాయి. దేశమంతా బ్యాంకు ఓటీపీలు రాక ఇబ్బంది పడింది, మరుసటి రోజే టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ స్క్రబ్బింగ్‌ను ఏడు రోజులపాటు నిలిపివేసింది. మాకు దొరికిన ఆ వారంలో రాత్రింబవళ్లు కూర్చుని టెంప్లేట్లు సరిచేసుకున్నాం. ఆ తరువాత 2024 అక్టోబరు నుంచి ముందుగా నమోదు చేయని లింకులున్న సందేశాలు ఆగిపోవడం మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో, పంపే సంస్థ నుంచి ఆపరేటర్ వరకు మధ్యలో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ గొలుసులా నమోదై ఉండాలన్న నిబంధన వచ్చింది. ఇప్పుడు ఖాతాదారులు వాట్సాప్ అడుగుతున్నారు, ఇద్దరు ఆర్‌సీఎస్ (ఫోనులోని మెసేజ్ యాప్‌లోనే బొమ్మలు, బటన్లతో వచ్చే కొత్త తరహా సందేశాలు) గురించి కూడా అడిగారు.

ఎస్ఎంఎస్‌నే నమ్ముకుని ఉండాలా, వాట్సాప్ వైపు మారాలా? పెద్ద సంస్థలు ఈ మార్పులను ఎలా తట్టుకున్నాయో తెలిసినవారు చెబితే మా వంటివారికి ఉపయోగపడుతుంది.

జవాబు: మాదాపూర్ ఇంజనీరు

కృష్ణలంక గారూ, నేను ఈ రంగంలోనే సాంకేతిక విభాగంలో పనిచేస్తున్నాను. హైదరాబాద్‌లో 1999లో మొదలైన తాన్లా సంస్థ చరిత్ర చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. సందేశాలు చేరవేయడంతో మొదలైన ఆ సంస్థ కేరిక్స్ అనే మరో సందేశ సేవల సంస్థను కొని పెద్ద బ్యాంకులను ఖాతాదారులుగా తెచ్చుకుంది. అవాంఛిత వాణిజ్య సందేశాల మీద ట్రాయ్ 2018 నిబంధనలు వచ్చినప్పుడు, వాటిని అమలు చేయడానికి ఆపరేటర్లకు కావలసిన బ్లాక్‌చెయిన్ వేదికను (మీరు చెప్పిన డీఎల్‌టీకి ఆధారమైన ఉమ్మడి రికార్డును) తానే తయారుచేసింది. అందరికీ భారంగా కనిపించిన నిబంధనే వాళ్లకు అమ్మదగ్గ సరుకైంది. 2023లో అమెరికా సంస్థ ట్విలియో నుంచి వాల్యూఫస్ట్ అనే సందేశ సేవల సంస్థను కూడా కొనుక్కుంది. అదే ఏడాది ఇదే రంగంలోని కలేరాను టాటా కమ్యూనికేషన్స్ తీసుకుంది, ముంబయికి చెందిన రూట్ మొబైల్‌లో మెజారిటీ వాటా కొనడానికి బెల్జియం టెలికం సంస్థ ప్రాక్సిమస్ ఒప్పందం చేసుకుంది. ఉత్త రవాణా చేసే సంస్థకు ఒంటరిగా నిలవడం కష్టమవుతున్నదని ఇందులో కనిపిస్తున్నది.

కారణం ధరల్లో ఉంది. విదేశాల నుంచి వచ్చే సందేశాలకు ఆపరేటర్లు దేశీయ ధరకు ఎన్నో రెట్లు వసూలు చేస్తారు. ఒకప్పుడు ఆ తేడాను తప్పించుకోవడానికి సిమ్ బాక్సులతో (చాలా సిమ్‌లు పెట్టి విదేశీ సందేశాలను దేశీయమైనవిగా పంపే యంత్రాలతో) దొంగదారులు నడిపినవాళ్లు ఉండేవారు. ఇప్పుడు పెద్ద అంతర్జాతీయ సంస్థలు ఆ ఓటీపీలను వాట్సాప్‌కు మళ్లిస్తున్నాయి. డిజిటల్ చెల్లింపుల ధ్రువీకరణ మీద రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాలు ఎస్ఎంఎస్ ఓటీపీని నిషేధించలేదు కానీ, దానికి బదులు ఇతర పద్ధతులు వాడుకోవడానికి తలుపు తెరిచాయి. అందుచేత ఓటీపీల పరిమాణం మీద లెక్కలు వేసుకున్నవారికి ముందు ముందు ఇబ్బందే. మీ ఖాతాదారులు పాఠశాలలు, ఆసుపత్రులు కాబట్టి ఆ దెబ్బ మీకు నేరుగా తగలదు. మీ ఆదాయాన్ని సందేశానికి ఇన్ని పైసలని కాకుండా, నమోదు, టెంప్లేట్లు, సందేశాలు అందుకునేవారి సమ్మతి రికార్డులు చూసుకునే పనికి నెలవారీ రుసుముగా మార్చుకోండి. ఖాతాదారుకు అసలు తలనొప్పి అక్కడే ఉంది.

జవాబు: నిజామాబాద్ బడి

నేను ఒక ప్రైవేటు పాఠశాల కార్యాలయంలో పనిచేస్తాను, అంటే మీ వంటివారి దగ్గర సేవ కొనుక్కునేవాళ్లలో ఒకరిని. ఇంగ్లిషులో 160 అక్షరాల వరకు ఒక ఎస్ఎంఎస్‌గా లెక్కిస్తారు, తెలుగులో 70 మాత్రమే. ఆ 70 కూడా మనం అక్షరాలనుకునేవి కావు. "స్త్రీ" మనకు ఒకే అక్షరం, కాని ఎస్ఎంఎస్ లెక్కలో ఆరు స్థానాలు తీసుకుంటుంది. 70 దాటితే సందేశం ముక్కలవుతుంది, అప్పుడు ఒక్కో ముక్కలో 67 స్థానాలే పడతాయి. 150 స్థానాల ఇంగ్లిషు సందేశానికి ఒక క్రెడిట్ పోతే, అంతే పొడవున్న తెలుగు సందేశానికి మూడు పోతాయి. టెంప్లేట్‌లో పేరు కోసం వదిలే వేరియబుల్‌కు 30 స్థానాల పరిమితి ఉంది. "వెంకట లక్ష్మీనరసింహమూర్తి" అన్న పేరే 25 స్థానాలు తీసుకుంటుంది, ఇంటిపేరు చేరిస్తే పరిమితి దాటి సందేశం ఆగిపోతుంది. దీనివల్లే మా బడి చాలాకాలం తల్లిదండ్రులకు ఇంగ్లిషులో సందేశాలు పంపింది. బీడీలు చుట్టే తల్లి తన బిడ్డ బడికి రాలేదన్న సంగతిని పక్కింటి వాళ్లతో చదివించుకోవలసి రావడం నాకు బాధ కలిగించేది.

వాట్సాప్‌లో ఈ అక్షరాల లెక్క లేదు, తెలుగులో రాసినా ఇంగ్లిషులో రాసినా ధర ఒకటే. పైగా మా పిల్లల్లో చాలామంది తండ్రులు గల్ఫ్‌లో ఉంటారు. వాళ్ల అక్కడి నంబరుకు మా ఎస్ఎంఎస్ వెళ్లదు, వాట్సాప్ వెళుతుంది. అయితే బటన్ల ఫోను వాడే నానమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలూ ఉన్నారు కనుక, ఎస్ఎంఎస్‌ను పూర్తిగా మానేయడానికి మాకు వీలుపడదు. ఎవరికి ఏ దారిలో పంపాలో చూసి పెట్టే మనిషి మాకు కావాలి, అందుకు రుసుము ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం.

జవాబు: విశాఖ సలహాదారు

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయదలచాను. ఎస్ఎంఎస్ నిబంధనలు ఎంత చికాకు పెట్టినా, ట్రాయ్ ముందుగా చర్చాపత్రం విడుదల చేసి అభిప్రాయాలు తీసుకుంటుంది, గడువులు పొడిగిస్తుంది. వాట్సాప్ ధరలు మాత్రం దాని యజమాని మెటా ఒక్కటే నిర్ణయిస్తుంది. 2022 ఫిబ్రవరిలో సంభాషణకు ఇంత అని పెట్టారు, 2025 జులై నుంచి టెంప్లేట్ సందేశానికి ఇంత అని మార్చారు. సందేశాల ఖర్చును ఏడాది ఫీజులోనే కలిపి ఒప్పందం కుదుర్చుకున్న రీసెల్లర్ ఇలాంటి మార్పు వచ్చినప్పుడు నష్టం తానే భరించాల్సి వస్తుంది. అందువల్ల మీ ఒప్పంద పత్రంలో సందేశం ధరను, మీ సేవా రుసుమును వేరువేరుగా రాయించండి. వినియోగదారు తానుగా ప్రశ్న అడిగినప్పుడు 24 గంటలలోపు ఇచ్చే సమాధానాలకు ప్రస్తుతం ఛార్జీ లేదు. ఫీజు బకాయి, హాజరు వంటివి తల్లిదండ్రులే అడిగి తెలుసుకునేలా ఏర్పాటు చేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన మన మిత్ర అనే వాట్సాప్ సేవ కూడా పౌరుడే ముందు పలకరించే పద్ధతిలో నడుస్తున్నది, మీ ఖాతాదారులకు చూపించడానికి మంచి ఉదాహరణ.

ఆర్‌సీఎస్ విషయంలో తొందరపడకండి. ప్రకటనల వెల్లువ మీద ఫిర్యాదులు రావడంతో 2022లో గూగుల్ మన దేశంలో ఆర్‌సీఎస్ వ్యాపార ప్రకటనలను కొంతకాలం ఆపేయవలసి వచ్చింది.

కృష్ణలంక

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిజామాబాద్ వారు చెప్పిన అక్షరాల లెక్క నాకు తెలిసినదే, కాని దానివల్ల ఒక తల్లికి ఏం జరుగుతుందో ఇన్నేళ్లలో నేను ఆలోచించలేదు. ముందుగా నాలుగు పాఠశాలలకు తెలుగు టెంప్లేట్లను 67 స్థానాల ముక్కలకు సరిపోయేలా కుదించి రాయబోతున్నాను. ఒక్క సందేహం మిగిలింది. వాట్సాప్‌లో మా సంస్థ పేరు మీద ఒకే నంబరు తీసుకుని, పది పాఠశాలల సందేశాలు దాని నుంచే పంపవచ్చా? ఖర్చు కలిసి వస్తుందని అడుగుతున్నాను.

మాదాపూర్ ఇంజనీరు

అలా చేయకండి. తల్లిదండ్రుల ఫోనులో కనిపించే పేరు బడిది కావాలి, ఖాతా ధ్రువీకరణ కూడా బడి పత్రాలతోనే జరగాలి. డీఎల్‌టీలో ప్రతి సంస్థా తన పేరుతోనే నమోదు కావాలన్న నియమం ఎందుకు వచ్చిందో ఇక్కడా అదే కారణం వర్తిస్తుంది. వాట్సాప్ ప్రతి నంబరుకు నాణ్యతా స్థాయి కడుతుంది. ఒక బడి ఫీజు కోసం పదేపదే సందేశాలు పంపి, విసిగిన తల్లిదండ్రులు బ్లాక్ చేయడం మొదలుపెడితే ఆ నంబరు స్థాయి పడిపోతుంది, మిగతా తొమ్మిది బడులూ దాని ఫలితం అనుభవించాలి. ఒక్కో బడికి ఒక్కో నంబరు తీసుకుని, నిర్వహణ అనుమతి మాత్రం మీ దగ్గర ఉంచుకోండి. రేపు ఆ బడి మిమ్మల్ని వదిలి వెళ్లాలనుకుంటే నంబరు వాళ్లతోనే వెళ్లేలా ఒప్పందంలో రాసి ఇవ్వండి.