ఐరన్ మెయిడెన్‌ను ఈ వయసులో ఎక్కడ వినాలి: మైదానంలోనా, అరీనాలోనా?

పెన్నాగట్టు (అనంతపురం):

1975లో లండన్‌లో బేస్ గిటార్ వాద్యకారుడు స్టీవ్ హారిస్ స్థాపించిన హెవీ మెటల్ సంగీత బృందం ఐరన్ మెయిడెన్, యాభై ఏళ్ల సందర్భంగా 2025 మే నెలలో బుడాపెస్ట్ నుంచి కచేరీల యాత్ర మొదలుపెట్టింది. అప్పటి నుంచి మన అభిమానుల మధ్య రెండు వాదాలు నడుస్తున్నాయి. డెబ్బై ఏళ్లకు చేరువైన వారు వేదిక మీద మునుపటి బలంతోనే వాయిస్తున్నారా అన్నది ఒకటి. వారిని వేలాది మంది నిలబడే బహిరంగ మైదానంలో వినాలా, పైకప్పు ఉన్న అరీనాలో వినాలా అన్నది మరొకటి. ఈ రెండింటినీ విడదీయలేమని నేను అనుకుంటున్నాను. గొంతు సన్నబడిందనీ, డ్రమ్స్ వెనకబడ్డాయనీ మనం ఇచ్చే తీర్పుల్లో చాలావరకు వేదిక మీద జరిగినదాని గురించి కావు, మనం నిలబడిన చోటికి చేరిన ధ్వని గురించి. అందుకే ఇంత అనుభవం ఉన్న బృందాన్ని అరీనాలోనే వినాలని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలతో రాయగలరు.

తుంగభద్ర తీరం (కర్నూలు):

గట్టు గారూ, మీ మాటతో నేను ఏకీభవించలేను. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఈ బృందం మొదటిసారి మన దేశంలో వాయించినప్పుడు, జాతీయ రహదారి మీద రాత్రి బస్సులు పట్టుకుని వెళ్లిన మన ప్రాంతపు కుర్రాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ సాయంత్రం మేము విన్నది స్పీకర్లను మాత్రమే కాదు. వీరి సంగీతంలో గిటార్ వాయించే వరసను జనం గొంతెత్తి పాడటం సగభాగం. 2001 జనవరిలో రియో డి జనీరోలో రెండున్నర లక్షల మంది ముందు రికార్డు చేసిన ప్రదర్శనను ఇప్పటికీ అందరూ వింటున్నారంటే, అందులో ఆ జనసముద్రం గిటార్‌తో సమానంగా వినిపించడమే కారణం. పైకప్పు కింద అది రాదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఇలాంటి బృందాలు మన దేశానికి వచ్చినప్పుడు చాలావరకు మైదానాల్లోనే వాయించాయి. కర్నూలు, కడప, అనంతపురం వాళ్లకు అందుబాటులో ఉన్నది ఆ మైదానమే అయినప్పుడు, అరీనా మేలని తీర్పు చెప్పడం వల్ల మనకు ఒరిగేదేమిటి?

పెన్నాగట్టు (అనంతపురం):

జనం పాడటం ఈ సంగీతంలో భాగమేనన్న మీ మాటను నేను కాదనను. అయితే ధ్వని లెక్కను కూడా చూడండి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదికకు 100 మీటర్ల దూరంలో నిలబడినవారికి డ్రమ్ దెబ్బ దాదాపు 0.3 సెకను ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 160 దెబ్బల వేగంతో సాగే పాటలో ఒక దెబ్బకూ తర్వాతి దెబ్బకూ మధ్య వ్యవధి 0.4 సెకనుకు లోపే. అంటే వెనక ఉన్నవాడు ఒక దెబ్బకు చప్పట్లు కొట్టేసరికి ముందున్నవాడు దాదాపు తర్వాతి దెబ్బకు చేరిపోతాడు. వెనకవారి పాట తిరిగి వేదికను చేరడానికి మరో 0.3 సెకను పడుతుంది. తెర మీద డ్రమ్మర్ చెయ్యి ఎప్పుడో కిందికి దిగి, శబ్దం తర్వాత వినిపిస్తుంటే, ఆయన మందగించాడని మనకు అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

హారిస్ బేస్ తంత్రులను వేళ్లతోనే మీటుతాడు. గుర్రం దౌడు తీసినట్టుండే ఆ లయలో ఒక నిడివైన స్వరం వెంట రెండు పొట్టి స్వరాలు విడివిడిగా వినబడాలి. 1999లో గాయకుడు బ్రూస్ డికిన్సన్, గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ తిరిగి వచ్చినప్పటి నుంచి బృందంలో గిటార్లు మూడు. దూరాన గాలి వీచిన ప్రతిసారీ సన్నని స్వరాలు ఇటూ అటూ చెదిరిపోతే ఆ మూడు గిటార్లూ ఒకే రొదగా మిగులుతాయి. 1985లో వెలువడిన వారి ప్రత్యక్ష ప్రదర్శన ఆల్బమ్‌లో ఎక్కువ భాగం కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ అరీనాలో రికార్డు చేశారు. అందులో బేస్ ప్రతి మీటుకూ విడిగా వినిపిస్తుంది.

అరీనాకూ లోపాలు ఉన్నాయి. మన కల్యాణ మండపాల్లో నున్నటి బండల నేల, రేకుల కప్పు, ఖాళీ గోడల మధ్య ఆర్కెస్ట్రా పెడితే పాటలో మాట తెలియదు. గోడలకు ధ్వనిని పీల్చుకునే ఏర్పాటు లేని పెద్ద భవనం మైదానం కన్నా అధ్వానంగా ఉంటుంది. నేను కోరేది సంగీతానికి తగినట్టు కట్టిన అరీనాను.

పాలకొండల నీడ (కడప):

వేదిక సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. నాకు బాధ కలిగించేది మరొక మాట. 1982లో చేరిన డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్ 2024 డిసెంబరులో సావో పాలో ప్రదర్శనతో యాత్రల నుంచి విరమించుకోగానే, ఇక ఇది ఆ బృందం కాదని కొందరు తేల్చేశారు. 2023 జనవరిలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి దెబ్బతిన్నా, కొన్ని నెలల్లోనే ఆయన మళ్లీ డ్రమ్స్ ముందు కూర్చుని రెండు సంవత్సరాల యాత్ర పూర్తి చేశాడు. ఇప్పుడు సైమన్ డాసన్ వాయిస్తున్నాడు. 1885లో మా జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి ఆధ్వర్యంలో కీచక వధతో మొదలైన సురభి నాటక సమాజంలో తరాలు మారాయి, నటులు మారారు. అయినా తెర లేచినప్పుడు అది సురభి కాదని ఎవరూ అనలేదు. ఆ నాటకాన్ని నిలబెట్టింది సాధనా క్రమశిక్షణా. డాసన్ విషయంలో కూడా మనం అడగవలసింది ఆ లయను నిలబెట్టాడా లేదా అన్నదే.

నాలుక మీద క్యాన్సర్ కణితికి 2015లో చికిత్స పూర్తి చేసుకున్న డికిన్సన్, మరుసటి సంవత్సరమే యాత్రకు బయలుదేరాడు. 2025 యాత్రలో 1980 నుంచి 1992 వరకు వచ్చిన తొమ్మిది ఆల్బమ్‌ల పాటలనే ఎంచుకున్నారు. పదమూడు నిమిషాలు దాటే 1984 నాటి పాట కూడా అందులో ఉంది. శక్తి ఉడిగినవారు అలాంటి జాబితా వేసుకోరు.

తుంగభద్ర తీరం (కర్నూలు):

కడప అన్న డాసన్ గురించి రాసినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గట్టు గారి లెక్కలు కూడా సరైనవే. కానీ ఆ లెక్కకు మైదానంలోనే పరిష్కారం ఉంది. వెనక భాగంలో డిలే టవర్లు, అంటే అదనపు స్పీకర్లు అమర్చిన స్తంభాలు, నిలిపి, వాటికి వెళ్లే ధ్వనిని కొద్దిగా ఆలస్యం చేస్తే, వేదిక శబ్దమూ టవరు శబ్దమూ ఒకేసారి చెవిని చేరి స్వరాలు విడివిడిగా తెలుస్తాయి.

ఎర్రనేల (అనంతపురం):

అందరూ ధ్వని గురించే మాట్లాడుతున్నారు. నేను ప్రాణాల గురించి ఒక్క మాట చెబుతాను. 1988 ఆగస్టులో ఇంగ్లాండులోని డానింగ్టన్‌లో మెయిడెన్ ప్రధాన బృందంగా ఉన్న ఉత్సవంలో, వేరొక బృందం వాయిస్తున్న సమయంలో, తోపులాటలో ఇద్దరు అభిమానులు చనిపోయారు. అక్కడ లక్షమందికి పైగా జనం ఉన్నారు. గత సంవత్సరాల్లో మన పొరుగునే ఏం జరిగిందో అందరికీ తెలుసు: 2025 జూన్ 4న బెంగళూరు క్రికెట్ స్టేడియం బయట పదకొండు మంది మరణించారు. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లే నాబోటివారికి వేదిక ఎంపికలో మొదటి ప్రశ్న ఇదే.

తుంగభద్ర తీరం (కర్నూలు):

ఎర్రనేల గారి ఆందోళన న్యాయమైనది. అయితే 2011 అక్టోబరు 28న మరో మెటల్ బృందం మెటాలికా గుర్‌గావ్ కచేరీ బారికేడ్లు విరిగి రద్దయింది. రెండు రోజుల తర్వాత అదే బృందం బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పూర్తిగా వాయించింది. రెండూ బహిరంగ వేదికలే, తేడా నిర్వహణలో ఉంది. కాబట్టి టికెట్ ప్రకటించిన రోజునే నిర్వాహకులు డిలే టవర్లు ఎన్ని పెడతారో, బయటికి వెళ్లే దారులు ఎక్కడెక్కడ ఉన్నాయో, సౌండ్ ఇంజనీరు గొంతులూ వాద్యాలూ కలిపి సరిచేసే మిక్సింగ్ బల్ల చుట్టూ ఉన్న స్థలం ఏ ధర టికెట్ కిందికి వస్తుందో స్పష్టంగా చెప్పాలని మనమందరం కలిసి అడగాలి. ధ్వని సరిగ్గా కుదిరేది ఆ బల్ల దగ్గరే. దాన్ని ఖరీదైన టికెట్ల కంచెలోకి చేర్చి, రాత్రి బస్సులో వచ్చినవాణ్ణి గోడ పక్కకు నెట్టే ఏర్పాటును, అది మైదానమైనా అరీనా అయినా, నేను ఒప్పుకోను.