ఇంట్లో పులి, కోర్టులో పిల్లి: మ్యాచ్ అనగానే మా పాప ఎందుకిలా అయిపోతోంది?

బెజవాడ_నాన్న:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మా పాపకి 14 ఏళ్లు, ఎనిమిదో ఏట నుంచి షటిల్ ఆడుతోంది. అకాడమీలో తనకంటే రెండేళ్లు పెద్దవాళ్లని కూడా ఓడిస్తుంది, టోర్నమెంట్‌కి వెళ్తే మాత్రం రెండో రౌండ్ దాటదు. మొన్నటి మ్యాచ్ ఒక్కటి చెప్తాను, మీకే అర్థమవుతుంది. మొదటి గేమ్ 21-13 గెలిచింది. రెండో గేమ్‌లో 17-11 మీద ఉంది, ఇంకో నాలుగు పాయింట్లు వస్తే మ్యాచ్ మనదే, నేనైతే గ్యాలరీలో లేచి నిలబడి ఫోన్‌లో వీడియో కూడా మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడు సర్వీస్ నెట్‌కి కొట్టింది. ఇక అక్కణ్నుంచి ప్రతి పాయింట్‌కీ ముందు రాకెట్ గట్స్ (అల్లిన తీగలు) సర్దుకుంటోంది, సర్దడానికి అక్కడేమీ లేదు, ఊరికే వేళ్లతో లాగుతోంది. తర్వాతి షార్ట్ సర్వీస్ కూడా నెట్‌కే. రోజూ కళ్లు మూసుకుని వేసే డ్రాప్ పక్క కోర్టు వైపు పోయింది. 19-21. మూడో గేమ్ 8-21, అది ఆట కాదు, త్వరగా అయిపోతే చాలు బాబోయ్ అన్నట్టు ఆడింది.

మ్యాచ్ రోజు పొద్దున ఇడ్లీ పెడితే ఒకటి తిని కక్కేస్తుంది. నేను 'టెన్షన్ పడకు' అని వందసార్లు చెప్తాను. కోచ్ 'మెంటల్‌గా వీక్ సార్' అంటాడు. మా అన్నయ్య 'గుండెధైర్యం పుట్టుకతో రావాలిరా' అంటాడు. షటిల్ డబ్బాలకీ షూస్‌కీ పెట్టే ఖర్చు గురించి నాకు బాధ లేదు, ఓడిపోయి బయటికొచ్చేటప్పుడు పిల్ల ముఖం చూడలేకపోతున్నాను. ఇది మారేదేనా? స్పోర్ట్స్ సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే నిజంగా పని జరుగుతుందా, లేక అదంతా మాటలేనా?


గట్టింగ్_అన్న:

సార్, ఇది చదువుతుంటే నా చెయ్యే వణికింది. నేను స్టేట్ లెవెల్ వరకు ఆడి ఆగిపోయినవాణ్ని, ఇప్పుడు హైదరాబాద్‌లో రాకెట్లకి గట్టింగ్ వేస్తూ సాయంత్రాలు చిన్నపిల్లలకి నేర్పిస్తున్నాను. మీ పాప 17-11 దగ్గర భయపడలేదు, లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇంకా నాలుగే, ఇంకా నాలుగే అని. షటిల్‌లో మిగతా షాట్లన్నీ ఆలోచించే టైమ్ ఇవ్వవు, స్మాష్ వస్తుంటే భయపడటానికి కూడా తీరిక ఉండదు. సర్వీస్ ఒక్కటే అలా కాదు, నువ్వు నిలబడి, కాక్ పట్టుకుని, అందరూ చూస్తుండగా నిదానంగా చెయ్యాలి. అందుకే టెన్షన్ వస్తే ముందు విరిగేది సర్వీసే.

వీక్ అనే మాట ముందు ఇంట్లోంచి తీసెయ్యండి. సింధుని ఏమన్నారో మర్చిపోయామా? 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్ స్పెయిన్ అమ్మాయి మారిన్ చేతిలో పోయింది, 2017 గ్లాస్గో వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహరాతో 110 నిమిషాలు ఆడి మూడో గేమ్ 20-22తో పోయింది, 2018 నాంజింగ్ ఫైనల్లో మళ్లీ మారిన్. ఇంకేముంది, ఫైనల్ అంటే ఫోబియా అని టీవీల్లో, టీ కొట్టుల్లో ఒకటే గోల. 2019లో బాసెల్‌లో వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్, అదే ఒకుహరా మీద 21-7, 21-7. నలభై నిమిషాలు కూడా పట్టలేదు. పుట్టుకతో రాని ధైర్యం మధ్యలో ఎక్కణ్నుంచి వచ్చింది మరి? రియోకి ముందు గోపీచంద్ ఆమెని కోర్టు మధ్యలో నిలబెట్టి గట్టిగా అరవమన్న సంగతి తెలిసిందే కదా, మొహమాటం పోవడానికి. (ఇది చదివి మీ పాపని రేపట్నుంచి అరవమనకండి. ఆ మందు ఆ అమ్మాయికి.)

నేను మా పిల్లలతో చేయించేది చెప్తాను. ప్రాక్టీస్ గేమ్ సున్నా నుంచి మొదలుపెట్టను, 17-17 నుంచి ఆడిస్తాను, ఓడినవాళ్లు కోర్టు తుడవాలి, మిగతా పిల్లలంతా చుట్టూ నిలబడి అల్లరి చేస్తారు. మొదటి వారం ఏడుస్తారు. నెల తిరిగేసరికి 17-17 అనేది మామూలు స్కోర్ అయిపోతుంది. రెండోది, సర్వీస్‌కి ముందు ఎప్పుడూ ఒకే పని: చెమట తుడుచుకోవడం, ఒక ఊపిరి వదలడం, ఎదుటి కోర్టులో కాక్ పడాల్సిన చోటు చూడటం, వేసెయ్యడం. 0-0 అయినా 20-20 అయినా అదే. మీ పాప గట్స్ లాగడం చెడ్డ అలవాటేమీ కాదండీ, దాన్ని ఎక్కడో ఒకచోట ఆపడం నేర్పాలి అంతే.


వైజాగ్_కౌన్సెలర్:

నేను సైకాలజీ చదివి స్కూల్ పిల్లలతో పని చేస్తున్నాను. పైన అన్న చెప్పినదానికి వెనకున్న సంగతి చెప్తాను. సియాన్ బైలాక్ అనే పరిశోధకురాలూ ఆమె తోటివాళ్లూ గోల్ఫ్ ఆడేవాళ్ల మీద ప్రయోగాలు చేశారు. కొత్తగా నేర్చుకునేవాళ్లని 'మీ చెయ్యి ఎలా కదులుతోందో గమనిస్తూ కొట్టండి' అంటే వాళ్లకి మేలే జరిగింది. ఆరితేరినవాళ్లకి అదే చెబితే ఆట చెడింది. సైకిల్ తొక్కుతూ పెడల్ మీద కాలు ఎలా పెడుతున్నానా అని ఆలోచిస్తే తూలిపోతాం కదా, అదన్నమాట. కాబట్టి మ్యాచ్ మధ్యలో కోచ్ 'మణికట్టు చూసుకో, మోచెయ్యి చూసుకో' అని అరుస్తుంటే మంచి ప్లేయర్‌కి అది ఉపకారం కాదు. 11 పాయింట్ల దగ్గర వచ్చే నిమిషం బ్రేక్‌లో ఒక్క మాట చెప్పమనండి, అదీ ఎక్కడ వెయ్యాలో చెప్పమనండి, ఎలా వెయ్యాలో వద్దు.

కక్కడం గురించి: ఒళ్లు పోటీకి సిద్ధమయ్యేటప్పుడు ఎడ్రినలిన్ పెరిగి, రక్తం కడుపు వైపు తగ్గి కండరాల వైపు పోతుంది, అందుకే ఇడ్లీ నిలవదు. అది పిరికితనం కాదు. మ్యాచ్‌కి మూడు గంటల ముందే తినిపించి, తర్వాత అరటిపండు లాంటిదేదైనా కొద్దికొద్దిగా ఇచ్చి చూడండి. 'టెన్షన్ పడకు' అనడం మాత్రం దండగ, గుండె దడదడలాడుతుంటే ఆగు అంటే ఆగుతుందా? 2014లో అచ్చయిన ఒక హార్వర్డ్ అధ్యయనంలో, పాట పాడే ముందు 'నాకు టెన్షన్‌గా ఉంది' అని చెప్పుకున్నవాళ్లకంటే 'నాకు ఉత్సాహంగా ఉంది' అని పైకి అనుకున్నవాళ్లు బాగా పాడారు. దడ అదే, దానికి పెట్టిన పేరు వేరు.

సైకాలజిస్ట్ గురించి అడిగారు. పనికొస్తుంది, కానీ ఒక్క సిట్టింగ్‌లో మార్చేస్తానని ఎవరైనా అంటే ఫోన్ పెట్టెయ్యండి, ఇది కూడా ఫుట్‌వర్క్ లాగే నెలల పని. ఇంకోటి, మ్యాచ్‌లు లేని రోజుల్లో కూడా నిద్ర పట్టకపోవడం, తిండి మానెయ్యడం, నెలసరి ఆగిపోవడం, ఇష్టమైన ఫ్రెండ్స్‌తో కూడా మాట్లాడకపోవడం లాంటివి ఉంటే ఇక ఆట సంగతి పక్కనపెట్టి డాక్టర్‌కి చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.


పాతకాలం_ప్లేయర్:

మా రోజుల్లో ఈ సైకాలజీలు ఎక్కడివండీ. నాలుగు దెబ్బలు తగిలితే అవే సర్దుకునేవి. పిల్లల్ని మరీ సుకుమారంగా పెంచుతున్నారు.


కూత_మాస్టర్:

పైన పెద్దాయన తప్పుగా అనుకోకపోతే ఒక మాట. మీ రోజుల్లోనూ సైకాలజీ ఉందండీ, పేరు తెలియదంతే. నేను కరీంనగర్ వైపు పీఈటీని, ఇరవై ఏళ్లుగా కబడ్డీ ఆడిస్తున్నాను. రైడర్ 30 సెకన్లు అవతలి కోర్టులో ఒంటరిగా ఉంటాడు, ఏడుగురు మీద పడటానికి చూస్తుంటారు. అప్పుడు వాడి నోట్లో ఉండేది కూత. కూత ఆపకూడదు కాబట్టి ఊపిరి నెమ్మదిగా బయటికే పోతూ ఉంటుంది. ఇప్పుడు డాక్టర్లు నిదానంగా ఊపిరి వదలండి అని చెప్పేది అదే కదా! మా దగ్గర ఒక కుర్రాడు కూత వణికితే అవుటయ్యేవాడు, కూత నిలకడగా ఉన్నరోజు వాణ్ని పట్టేవాడు లేడు. అప్పట్నుంచి నేను ఖో ఖో పిల్లలకి కూడా, టర్న్ మొదలయ్యే ముందు కూర్చున్నచోటే లోలోపల కూత పెట్టమంటాను. నవ్వుతారు. నవ్వినా మంచిదే, బిగుసుకుపోయిన భుజాలు దిగుతాయి.

దెబ్బల సంగతంటారా, దెబ్బలకి నిలబడినవాళ్లు ఇక్కడికొచ్చి చెప్తారు, ఆట మానేసినవాళ్లు రారు కదా. నా లెక్కలో వాళ్లే ఎక్కువ.


ఒకప్పటి_స్విమ్మర్:

నేను హైదరాబాద్‌లో స్కూల్ రోజుల్లో ఈత పోటీలకి వెళ్లేదాన్ని, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాను. ఇరవై ఏళ్లయినా క్లోరిన్ వాసన తగిలితే కడుపులో తిప్పుతుంది. నాకు గుర్తున్నది రేసులు కాదు, ఇంటికి తిరిగొచ్చే దారి. మా నాన్న మంచివాడే, కొట్టలేదు, తిట్టలేదు. స్కూటర్ మీద వెనక కూర్చున్న నాకు పూల్ దగ్గర్నుంచి ఇంటి గేటు దాకా టర్న్ ఎక్కడ లేటయిందో, పక్క లేన్ అమ్మాయి ఎలా డైవ్ చేసిందో చెప్పుకుంటూ వచ్చేవాడు. హెల్మెట్‌లోంచి సగం మాటలు వినపడేవి కావు, ఆ సగం నేనే పూర్తి చేసుకునేదాన్ని. గెలిచినరోజు కూడా అంతే, టైమింగ్ ఇంకా తగ్గాలి అనేవాడు.

గెలిస్తే అన్నీ సర్దుకుంటాయి అనుకోకండి. షూటర్ అభినవ్ బింద్రా 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో గోల్డ్ కొట్టాకే తనకి అసలు గడ్డుకాలం మొదలైందని తనే చాలాసార్లు చెప్పాడు, రేపు పొద్దున లేచి ఏం చెయ్యాలో తెలియని స్థితి. జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ సంగతి ఇక్కడ అమెరికాలో కళ్లారా చూశాను. టోక్యో ఒలింపిక్స్‌లో గాల్లో తిరుగుతూ తను ఎక్కడుందో తెలియక, రెండున్నర మెలికలకి ఒకటిన్నరే తిరిగి దిగింది. ట్విస్టీస్ అంటారు దాన్ని. పక్కకి తప్పుకుంటే పారిపోయింది అన్నవాళ్లున్నారు. ఆ స్థితిలో ఇంకోసారి ఎగిరి ఉంటే మెడ విరిగేదేమో. 2024 పారిస్‌కి మళ్లీ వచ్చి మూడు గోల్డ్‌లు, ఒక సిల్వర్ తీసుకెళ్లింది.

అన్నా, ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఓడిన రోజు ఇంటికి వెళ్లేటప్పుడు మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారు?


బెజవాడ_నాన్న:

అందరికీ పేరుపేరునా థాంక్స్. సునిశితంగా అడిగారు చెల్లెమ్మా, రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. స్టేడియం నుంచి మా ఇంటికి బండి మీద ఇరవై నిమిషాలు. మేమిద్దరం ఏమీ మాట్లాడుకోం, నేనొక్కణ్నే మాట్లాడతాను.

నిన్న రాత్రి తను పడుకునే ముందు వెళ్లి కూర్చున్నాను. 'ఆ 17-11 దగ్గర ఏమైందమ్మా, తిట్టను, ఊరికే తెలుసుకుందామని' అన్నాను. చాలాసేపు దుప్పటి అంచు లాగుతూ కూర్చుంది, ఆ గట్స్ లాగినట్టే. తర్వాత అంది, 'నువ్వు లేచి నిలబడ్డావు నాన్నా. ఫోన్ తీశావు. ఓడిపోతే వీడియోలో ఉంటుంది కదా అనుకున్నాను' అని.

నాకు అసలా సంగతి తట్టనే లేదు. పైన నేనే రాశాను చూడండి, ఎంత గొప్పగా రాశానో.

గట్టింగ్ అన్నా, 17-17 ఆట గురించి కోచ్‌తో మాట్లాడాను, సరేనన్నాడు, కోర్టు తుడవడం మాత్రం వద్దన్నాడు. కూత సంగతి చెప్తే పాప పడీపడీ నవ్వింది, ఆ తర్వాత బాత్రూంలోంచి 'కబడ్డీ కబడ్డీ' అని వినపడింది. వచ్చే ఆదివారం మళ్లీ మ్యాచ్ ఉంది. గ్యాలరీలో వెనక వరసలో, ఫోన్ జేబులో పెట్టుకుని కూర్చుంటానన్నాను. కాసేపు ఆలోచించి, 'బయట టీ తాగు నాన్నా, అయ్యాక నేనే వచ్చి చెప్తా' అంది.