మబ్బా, మొయిలా? యువాన్ జెన్ పద్యంలో చిరిగిపోయిన ఒక మాట

గోదారిగట్టు: అందరికీ నమస్కారం. పదిరోజులుగా ఒక పాదం నిద్రపోనివ్వట్లేదు. మా తాతగారు తెలుగు పంతులు, ఆయన నోటుబుక్కులో చైనా కవి యువాన్ జెన్ పద్యం తేటగీతిలో ఉంది, అనువాదం ఎవరిదో రాసుకోలేదు, ఆయనదే అనుకుంటున్నా. మొదటి పాదం శుభ్రంగా ఉంది: "కడలి గన్నట్టి కనులకుఁ గాదు నీరు". రెండో పాదంలో మొదటి మాట కాగితం అంచుతో పాటు పోయింది, చివరి రెండూ తడిసి అలుక్కుపోయాయి. "... చూచిన యూకొండ మ... మ..." ఇంతే మిగిలింది. ఊకొండ అంటే చైనాలో యాంగ్జీ నది ఒడ్డునున్న ఊషాన్ కొండ, అది సరే. చివర "మబ్బె మబ్బు" నా, "మొయిలె మొయిలు" నా? చిన్నప్పుడు ఆయన చదవగా విన్నాను కానీ చెవిలో రెండూ మోగుతున్నాయి.

యతిప్రాస: మబ్బె గలం, మొయిలె నగణం, రెండూ సూర్యగణాలే కాబట్టి గణాలు లెక్కపెడితే తేలదండీ. యతి చూడాలి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు. నాలుగో గణం మొదలయ్యేది ఆ మాటతోనే. పాదం "మ"తో ఎత్తుకుంటే మబ్బు, "ము"తోనో "మొ"తోనో ఎత్తుకుంటే మొయిలు. పోయింది సరిగ్గా ఆ మాటే! నా మటుకు "మునుపు చూచిన యూకొండ మొయిలె మొయిలు". మూలంలో పద్యం మొదలయ్యేదే "ఒకప్పుడు" అనే మాటతో, 809లో భార్య పోయాక ఆవిడ కోసం రాసిందంటారు, "మునుపు" లేకపోతే ఆ దుఃఖం ఎక్కడుంటుంది?

ఎల్లమ్మచెరువు: మునుపు కాదన్నా, "మనసు". మనసు చూచిన యూకొండ మబ్బె మబ్బు. మా దిక్కు మబ్బుల లేసుడు అంటే తెల్లారకముందే లేసుడు. ఆ కొండ దేవత రాజుకు కలల కనబడి ఏం చెప్పింది? పొద్దుగాల మేఘమైత, మాపటికి వానైత అన్నది. చైనా పాతకవి సోంగ్ యూ రాసిండు గద, క్రీ.పూ. 3వ శతాబ్దంల. ఊషాన్‌కున్న పన్నెండు శిఖరాలల్ల ఒకదాని పేరే జావోయున్, పొద్దుగాలి మబ్బు. మన "మబ్బు" అంటే మేఘమూ వస్తది, ఆ యాళ్లా వస్తది. మొయిలు ఎంత అందమైనదైనా దాంట్ల పొద్దు లేదు. ఇగ కలల చూసినది మనసు చూసినట్టే కాదా?

యతిప్రాస: బాగుంది కానీ గోదావరి పంతులుగారికి "మబ్బుల లేవడం" తెలిసుండాలి కదమ్మా.

గోదారిగట్టు: ఆయన పదకొండేళ్లు వరంగల్లులో పనిచేశారండీ. ఇంట్లో కూడా ఆ మాట వాడేవారు.

పాతనిఘంటువు: మీరంతా మబ్బు దగ్గరే ఉన్నారు, నాకు "ఊ" మింగుడు పడట్లేదు. ఊకొండ అని వదిలేస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది? దాన్ని "మంత్రగత్తె కొండ" అనడం ఇంకా పెద్ద తప్పు. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ కూర్చిన నిఘంటువులో ఊ అంటే కంటికి కనపడనివాళ్లకి సేవ చేసే ఆడమనిషి, నాట్యంతో దేవుణ్ణి కిందికి దింపే మనిషి అనే చెప్పాడు, ఆ అక్షరమే అంగీ చేతులు ఊపుతూ ఆడుతున్న మనిషి బొమ్మ అన్నాడు. అది చేతబడి కాదు, పూనకం. మన శివసత్తి. లష్కర్ బోనాలప్పుడు మహంకాళి గుళ్లో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే ఆవిడని మంత్రగత్తె అంటామా?

ఎల్లమ్మచెరువు: ఈ మాటకు దండం పెట్టాలె సార్. కానీ "శివసత్తికొండ" గణంల ఎట్ల పడతది?

పాతనిఘంటువు: పడదు, ఒప్పుకుంటా. అర్థం మాత్రం అదే.

వరూధినికొండ: నేనొచ్చేసరికి పెద్దన పేరే ఎత్తలేదు ఎవరూ! కొండ మీద దివ్యాంగన, కిందనుంచి వచ్చిన మగాడు, ఇది మనకి కొత్తా? "అటఁ జని కాంచె భూమిసురుఁ డంబరచుంబి శిరస్సరజ్ఝరీ" అనగానే మంచుకొండ ఎదురుగా లేచి నిలబడుతుంది. అక్కడ ప్రవరుడు కాదంటే వరూధిని ఏడ్చింది, ఇక్కడ దేవతే కలలోకి వచ్చి పోతే రాజు గుడి కట్టించాడు. పెద్దన చేతిలో పడుంటే ఆ పన్నెండు శిఖరాలకీ పన్నెండు పద్యాలు వచ్చేవి. నది ఉత్తరపు ఒడ్డున ఆరు, దక్షిణాన ఆరు, డ్రాగన్ ఎక్కేది ఒకటి, ఫీనిక్స్ ఎగిరేది ఒకటి, కొంగలు గుమిగూడేది ఒకటి, ఎంత సామగ్రి!

యతిప్రాస: పెద్దన సరే, ప్రశ్న మొయిలు గురించి.

వరూధినికొండ: అక్కడికే వస్తున్నా. దేవకన్య శిఖరం మీద ఆడమనిషిలా నిలబడ్డ రాతిస్తంభం ఉంది, అదే ఆ కొండదేవత యావోజి అంటారు. పడమటి రాణితల్లి షీ వాంగ్‌ము ఇరవైమూడో కూతురు, యూ చక్రవర్తికి వరదలు అణచడంలో సాయం చేసింది, పడవలకి కాపలాగా అక్కడే రాయైపోయింది. మావో 1956లో రాసిన కవితలో ఇక్కడి మేఘాన్నీ వాననీ గోడ కట్టి ఆపుతాం, దేవత క్షేమంగా ఉంటే మారిన లోకాన్ని చూసి నివ్వెరపోతుంది అంటాడు, తర్వాత నిజంగానే త్రీ గార్జెస్ ఆనకట్ట వచ్చింది, నీళ్లు సముద్రమట్టానికి 175 మీటర్ల ఎత్తు దాకా లేచాయి. కవయిత్రి షూ టింగ్ 1981లో ఆ రాయైపోయిన కథకి ఎదురు తిరిగింది, కొండ మీద వెయ్యేళ్లు బొమ్మలా నిలబడేకన్నా ప్రియుడి భుజం మీద ఒక్క రాత్రి ఏడవడం మేలంది. వీళ్లెవరికీ అది ఉత్త మేఘం కాదు, ఆమే. అందుకని మెత్తగా "మొయిలు" అనాలి, మబ్బు అంటే ముసురే గుర్తొస్తుంది.

ఎల్లమ్మచెరువు: ముసురు మీ దిక్కు అక్కా, మా దిక్కు మబ్బు అంటే పొద్దే.

గోదారిగట్టు: ఇప్పుడే మళ్లీ వెలుతురులో పెట్టి చూశాను. చిరిగిన చోట కొమ్ము తోక కొంచెం కనిపిస్తోంది.

యతిప్రాస: అయితే "మొదట" కాదు. మునుపు, మనసు రెండిటికీ చివర కొమ్మే. పకారానికి కొమ్ము కిందనుంచి తిప్పుతారు, సకారానికి పైన పక్కగా. తోక ఎక్కణ్ణుంచి మొదలైంది?

గోదారిగట్టు: ఆ మొదలే చిరుగులో పోయిందండీ. మూడో పాదం, నాలుగో పాదం అసలు రాయనేలేదు, ఖాళీ వదిలేశారు.

పాతనిఘంటువు: మూలం ఎదురుగా ఉంది కదా, నేను పూరించి చూశా, తప్పుంటే చెప్పండి:
పూల తోటలఁ దాటుచుఁ బోదు నిట్లె
సగము తపముకై, నీకునై సగము చెలియ

వరూధినికొండ: నాలుగోది ప్రాణం తీసింది. కానీ "చెలియ" ఎక్కణ్ణుంచి వచ్చింది? మూలంలో చివరి మాట "జున్", అది గౌరవంగా పిలిచే పిలుపు, చనిపోయిన భార్యని అలా పిలిచాడు.

యతిప్రాస: అవును, చెలియ కుదరదు. సూర్యగణంలో పట్టే గౌరవవాచకం ఏముంది మనకి?