సమస్యాపూరణం: “వెనుకఁ దొక్క ముందు వెడలె బండి”

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. పాత సైకిలు సామానో, సొంతంగా చేసుకున్న మార్పో పద్యంలో కనబడాలి. ‘కలలో తొక్కాను’ అని తప్పించుకుంటే ఒప్పుకోను.

గొలుసుకట్టు:
పళ్లచక్ర మొకటి పక్కనే మఱియొండు
గొలుసు మెలికఁ దిరిగి కొలువుదీరె
మిట్ట యెక్కు వేళ మెల్లగా బలమొప్ప
వెనుకఁ దొక్క ముందు వెడలె బండి

వెనుక హబ్ (చక్రం నడిబొడ్డు) మీద చిన్నదొకటి, పెద్దదొకటి ఫ్రీవీళ్లు, అంటే ఒక్క వైపు తిప్పితేనే పట్టే పళ్లచక్రాలు. గేర్లు మార్చే పాత డీరెయిలర్ నుంచి ఊడదీసిన పుల్లీని చైన్‌స్టేకి (వెనుక చక్రం దాకా వెళ్లే ఫ్రేము గొట్టానికి) బిగించి, గొలుసును దాని మీదుగా మడిచి రెండోదానికి ఎక్కించాను. ముందుకు తొక్కితే చిన్నది పట్టుకుంటుంది, వెనక్కి తొక్కితే పెద్దది.

నిర్వాహకుడు: ‘కొలువుదీరె’ భలే పడింది. ఫ్రాన్సులో హిరోండెల్ అనే పేరుతో అమ్మిన సైకిళ్లు ఒకప్పుడు ఈ పద్ధతిలోనే వచ్చాయి. మీరు దాచిన సంగతి ఒకటుంది: దీన్ని వెనక్కి తొక్కొచ్చు గానీ, చేత్తో వెనక్కి నెట్టలేం. రెండు ఫ్రీవీళ్లూ పట్టేసి పెడళ్లను ఎదురెదురుగా లాగుతాయి, బండి మొరాయిస్తుంది.

పాతసామాను: మిట్ట ఎక్కడానికి ఇన్ని తిప్పలా! గేర్లు లోపలే దాచుకున్న హబ్, 1936లో వచ్చిన స్టర్మీ-ఆర్చర్ ఏడబ్ల్యూ ఉంటే చాలదూ? మూడు గేర్లు, కింది గేరు నడిమిదాని కన్నా 25 శాతం తేలిక. పై గేర్లలో టిక్కుటిక్కుమని పాడుతుంది కూడా.

గొలుసుకట్టు: మిట్ట ఎక్కుతారు సరే, సమస్య ఎలా పూరిస్తారు?

పాతసామాను: ఇదిగో.
తోలు సీటు మీఁదఁ దోకవైపుకు మళ్లి
అద్దమందు బాట చూచికొనుచు
సర్కసందు నితఁడు జనులు మెచ్చఁగ నిట్లు
వెనుకఁ దొక్క ముందు వెడలె బండి

నిర్వాహకుడు: ఊహ గట్టిది. తిరిగి కూర్చున్నవాడికి వెనక్కి తొక్కడమే ముందుకు నడపడం, బండిలో ఒక్క నట్టు కూడా కదపక్కర్లేదు. కానీ రెండో పాదంలో ‘అ’కి ‘చూ’తో యతి చెల్లదు. ‘బాట నరసికొనుచు’ అంటే సరిపోతుంది. మార్పు లేని బండికి మార్కులు మాత్రం తగ్గిస్తున్నాను.

జోడుసీటు:
అతుకు వేసినట్టి యానాటి ఫ్రేముకు
జంట సీట్లు గూర్చె జాణ యొకఁడు
ముందువాఁడు కాళ్లు ముడిచి కూర్చుండఁగా
వెనుకఁ దొక్క ముందు వెడలె బండి

నిర్వాహకుడు: ‘వెనుక’ను వెనుక సీటుగా విరిచిన తీరు ముచ్చటగా ఉంది. నా పేచీ మూడో పాదంతోనే. టాండెంలో (ఇద్దరు తొక్కే బండిలో) ముందు, వెనుక పెడళ్ల క్రాంకులు రెంటినీ టైమింగ్ చైన్ అనే గొలుసు కలుపుతుంది. ముందువాడు ఊరుకున్నా అతని పెడళ్లు ఊరుకోవు, పిక్కలు వాయగొడతాయి. ‘ముడిచి’ బదులు ఇంకేదైనా చూడండి.

జోడుసీటు: ఆ చైన్ ఊడబీకి, ముందు ఫుట్‌రెస్టులు బిగించేశాను. పద్యంలో అక్షరం మార్చను.